పళ్ళు కనిపించని ఫోటో

మా ఓనరు ఆంటీ మెట్ల మీద నన్ను ఆపి ఆ మాట అనకపోతే నేను గమనించేవాణ్ణి కాదేమో. ఎల్.బి.నగర్‌లో వాళ్ళ ఇంటి డాబా మీదున్న ఒంటిగదిలో నేను కిరాయికి ఉంటాను. వాళ్ళది గుంటూరు వైపు. ఆదివారాలు నా స్నేహితుడు వస్తే వాడి నవ్వుకి వాళ్ళాయన మధ్యాహ్నం నిద్ర పాడవుతోందని ఆవిడ ఎన్నోసార్లు చెప్పింది. ఆ రోజు మాత్రం కూరగాయల సంచి మెట్టు మీద దించి, "మీ ఫ్రెండు ఈమధ్య రావట్లేదా బాబూ?" అంది.

"ఒస్తుండు ఆంటీ. నిన్న గూడ ఒచ్చిండు."

"అవునా? నవ్వు వినపడకపోతే రావట్లేదేమో అనుకున్నాను."

ఆవిడ సంచి తీసుకుని వెళ్ళిపోయింది. నేను షాపుకి వెళ్ళాను కానీ కుదురుగా కూర్చోలేకపోయాను. టైల్స్ షాపులో బిల్లులు రాయడం నా పని. ఒకరి బాత్రూం టైల్స్ ఇంకొకరి బిల్లులో ఎక్కించాను. ఆవిడ అన్నది నిజమే. వాడు వస్తున్నాడు, కూర్చుంటున్నాడు, మాట్లాడుతున్నాడు. నవ్వు మాత్రం లేదు. ఎప్పటినుంచి లేదో అని ఆలోచిస్తే, వాడికి నేను తీసిన ఫోటో గుర్తొచ్చింది.

వాడూ నేనూ దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో కలిశాం. సర్కారు ఉద్యోగం ఇద్దరికీ రాలేదు. నేను టైల్స్ షాపులో కుదిరాను. వాడు దిల్‌సుఖ్‌నగర్‌లోనే ఒక ల్యాబ్‌లో రక్తం తీసే పనిలో చేరాడు. వాడివి ఎత్తుపళ్ళు. పెదవులు పూర్తిగా కలవవు. ఎవరైనా ఆ మాట ఎత్తబోతే, "నా పళ్ళు ముందు పోతయ్, నేను ఎనక ఒస్త" అని వాళ్ళకంటే ముందు వాడే నవ్వేవాడు. ల్యాబ్‌లో సూదికి భయపడే ముసలివాళ్ళని కూడా అలాగే నవ్వించి, ఆ నవ్వు ఆగేలోపు రక్తం తీసేసేవాడు.

నా సంగతి వేరు. నేను గ్రహణం మొర్రితో పుట్టాను. గ్రహణం పూట కత్తిపీట ముట్టుకుందని మా నాయనమ్మ మా అమ్మని చాలా ఏళ్ళు సాధించింది. చిన్నప్పుడే దవాఖానలో ఆపరేషన్ చేసి పెదవి కుట్టారు. ముక్కు కింద నుంచి పెదవి దాకా గీత మిగిలింది. ఆ గీత మీద మీసం మొలవదు. పదో తరగతి హాల్‌టికెట్ ఫోటోకి స్టూడియోకి వెళ్తే, ఆ ఫోటోగ్రాఫర్ నా ముఖం చూసి, "నోరు గట్టిగ మూసుకో" అన్నాడు. తర్వాత కంప్యూటర్‌లో ఆ గీత కూడా చెరిపేశాడు. ఆ ఫోటో చూసి నేనెంత సంతోషపడ్డానో చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

ఉద్యోగంలో కుదురుకున్నాక సెకండ్‌హ్యాండ్ కెమెరా ఒకటి కొన్నాను. ఆదివారం స్నేహితులని డాబా మీద నీలం గోడకి ఆనించి నిలబెట్టి ఫోటోలు తీసేవాణ్ణి. మొటిమలు, కళ్ళ కింద నలుపు, చిన్నప్పటి దెబ్బల మచ్చలు అన్నీ లాప్‌టాప్‌లో తుడిచేసేవాణ్ణి. అందరూ మెచ్చుకునేవారు. ఎవరి ముఖం చూసినా అందులో ఏది దాచాలో నాకు ముందే తెలిసిపోయేది. దాన్ని నేను కళ అనుకున్నాను. కెమెరా నా చేతిలో ఉన్నంతసేపూ నా ముఖం ఎవరూ తీయరన్నది కూడా నాకు బాగా తెలుసు.

ఈ వేసవి మొదట్లో వాడి చర్చి పాస్టరుగారు నాగోల్‌లో ఒక సంబంధం చెప్పారు. పంపడానికి ఫోటో కావాలన్నాడు వాడు. నీలం గోడ ముందు నిలబెట్టాను.

"జర నోరు ముయ్ రా," అన్నాను. "ఇంకా. ఇంకొంచెం."

వాడు గడ్డం ముడతలు పడేదాకా పెదవులు బిగించాడు. అయినా కింద కొంచెం తెల్లగా కనిపిస్తూనే ఉంది. దాన్ని లాప్‌టాప్‌లో చెరిపేసి, పెదవి గీశాను. వాడు ఫోన్ పట్టుకుని చాలాసేపు చూశాడు.

"మంచిగున్నడు రా. ఎవడీడు?"

అప్పుడు ఇద్దరం నవ్వాం. ఆ తర్వాత ఇన్ని వారాలుగా వాడి నవ్వు వినలేదు.

ఆంటీ అడిగిన రోజు సాయంత్రం షాపు నుంచి త్వరగా బయటపడి మెట్రో ఎక్కాను. కూర్చునే చోటు ఉన్నా నిలబడ్డాను. కాసేపటికి నిలబడనూ లేక చైతన్యపురిలో దిగిపోయి, మిగిలిన దూరం జనాన్ని తోసుకుంటూ నడిచాను. ల్యాబ్ అద్దాల తలుపు బయటినుంచి వాడు కనిపించాడు. మాస్కు పెట్టుకున్నాడు. ఎదురుగా ఒక పెద్దాయన చేయి చాపి ముఖం పక్కకి తిప్పుకున్నాడు. వాడు ఏమీ అనలేదు. సూది గుచ్చాడు. ఆయన మూలిగాడు.

డ్యూటీ దిగాక రోడ్డు పక్కన చాయ్ తాగుతూ, "సంబంధం ఏమైంది రా?" అని అడిగాను.

"పోయినట్టే. పాస్టరయ్యకు చెప్పిన్రంట, పిలగాడు కోపిష్టి లెక్కున్నడు, ఒక్క మాట మాట్లాడడని."

"నువ్వు మాట్లాడవా?"

"ఫోటోల ఉన్నట్టు ఉండాలె గద రా. వాళ్ళింటికి పోయి నోరు మూసుకొని కూసున్న. పిల్ల నాయన జోకేసిండు. గప్పుడు గూడ ముక్కుతోనే నవ్విన. బిస్కెట్ పెట్టిన్రు, కొరికితే కనపడ్తయని జేబుల ఏసుకున్న."

చెప్తూ చెప్తూ వాడికే నవ్వొచ్చింది. వెంటనే ఎడమ చేయి పైకి లేచి నోటికి అడ్డం పడింది. పిడికిలి ముక్కు కింద, బొటనవేలు చెంప మీద. అది నా చేయి. నేను ఎవరితో మాట్లాడినా, ఎవరు ఫోన్ పైకెత్తినా, నా చేయి పోయి నిలబడేది సరిగ్గా అక్కడే. వాడు నా పక్కన ఇన్నేళ్ళు కూర్చుని నేర్చుకోనిది ఒక్క ఫోటోతో నేర్చుకున్నాడు.

"తప్పు నాది రా," అన్నాను. "నీకు నోరు ముయ్యమని నేనే చెప్పిన. ఆ పళ్ళు చెరిపింది గూడ నేనే. నాకు నా ముఖమంటే పడదు. అది తీసుకపోయి నీకు అంటించిన."

వాడు గ్లాసులో అడుగు చాయ్ తిప్పాడు.

"నువ్వొక్కనివే కాదులే. ఆ ఫోటో చూసినంక అద్దంల నన్ను నేను చూసుకున్న. ముందు ఎప్పుడు అట్ల చూడలే." తర్వాత గ్లాసు పక్కన పెట్టాడు. "ఇంకోపాలి మాట్లాడి చూస్తనన్నడు పాస్టరయ్య. మామూలు ఫోటో ఒకటి పంపుమన్నడు. ఆదివారం ఒస్త, తియ్."

ఆదివారం వచ్చాడు. వెలుతురు బాగుంది. నవ్వమన్నాను. నవ్వమంటే వాడి పెదవులు ఇంకా బిగుసుకున్నాయి. నేను అటు తిరిగాను, ఇటు తిరిగాను, కుర్చీ మార్చాను, పాత సంగతులు తవ్వాను. తీసిన ప్రతి ఫోటోలోనూ వాడు దవాఖానలో వంతు కోసం కూర్చున్నవాడిలా ఉన్నాడు. నాకు చిరాకు పెరిగి గొంతు కూడా లేచింది. తప్పు దిద్దుకోవడానికి వచ్చి మళ్ళీ వాణ్ణే కసురుతున్నానని తెలిసి కెమెరా దించాను.

"ఇటియ్ రా," అన్నాడు వాడు. "నువ్వు కూసో ఒకపాలి."

"నాదెందుకు?"

"నీ సిగ్గు వోతే నాది వోతదేమో. కూసో."

కూర్చున్నాను. చేయి దానంతటదే ముక్కు కిందకి వెళ్ళింది.

"ఏంది, పంటి నొప్పా? చెయ్యి తియ్."

తీశాను. ముఖానికి గాలి తగిలినట్టయింది. వాడు కెమెరాని ఇటూ అటూ తిప్పి, ఏదో నొక్కి, తెర చూసుకున్నాడు. ఉన్నట్టుండి వంగిపోయి నవ్వడం మొదలుపెట్టాడు. రెండు చేతుల్లో కెమెరా ఉంది. నోటికి అడ్డం పెట్టుకోవడానికి చేయి ఖాళీగా లేదు.

ఫోటోలో నా ముఖం మొత్తం మసక. నా వెనక తీగ మీద ఆరేసిన లుంగీ మాత్రం గళ్ళతో సహా స్పష్టంగా వచ్చింది.

"అంకుల్ లుంగీ మస్తొచ్చింది రా," అన్నాడు, ఊపిరి అందక.

అదే సమయానికి ఆంటీ బట్టలు తీసుకోవడానికి పైకి వచ్చింది. "మా వారి లుంగీ ఎందుకు తీశారయ్యా?" అని ఆవిడ నిజంగానే అడిగేసరికి నేనూ ఆపుకోలేకపోయాను. వాడు తన ఫోన్ ఆవిడ చేతిలో పెట్టి, నా మెడ మీద చేయి వేశాడు. "ఆంటీ, జర మా ఇద్దరిది తియ్యుండ్రి." ఆవిడ ఫోన్‌ని దూరంగా పట్టుకుని, నేను వద్దంటున్నా ఏదో ఒకటి నొక్కేసింది. మూలకి ఆవిడ వేలు కూడా పడింది.

ఆవిడ బట్టలతో దిగిపోయాక వాడు ఆ ఫోటో చూసి, "ఇదే పంపుత," అన్నాడు.

వాడి ముఖం ఎలా ఉందో చెప్పక్కర్లేదు. పళ్ళన్నీ ఉన్నాయి. కానీ పక్కన నేనున్నాను. నవ్వితే నా పై పెదవి ఒకవైపే లేస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు. మీసం మధ్యలో దారి చీలినట్టు ఆ గీత. ఈ ముఖంతోనే ఇన్నేళ్ళు బస్సులెక్కాను, బిల్లులు రాశాను. నన్ను చూసినవాళ్ళందరూ దీన్నే చూశారు, నేను తప్ప.

"నన్ను కత్తిరించి పంపు."

"కత్తిరిస్తే నా చెయ్యి వోతది. నీ మెడ మీదనే ఉన్నది."

"ఇంకోటి తీద్దాం. నీ ఒక్కనిదే."

"ఇప్పటిదాక తీసినవ్ గద. వచ్చిందా?" ఫోన్ నా వైపు చాపాడు. వాడు నవ్వడం లేదు. "నువ్వొద్దంటే పంప. నీ ముఖం, నీ ఇష్టం."

డాబా ఈ చివర నుంచి ఆ చివరకి రెండుసార్లు నడిచాను. నాగోల్‌లో ముక్కూ మొహం తెలియని ఇంట్లో ఆ ఫోన్ చేతులు మారుతుంది. పెద్దవాళ్ళు వేళ్ళతో పెద్దది చేసి చూస్తారు. నాకైతే అప్పుడే దాన్ని తీసుకుని ఆ గీత చెరిపేయాలని వేళ్ళు లాగుతున్నాయి. చెరిపితే వాడు ఏమీ అనడు. వాడి పళ్ళు అలాగే ఉంచి నా పెదవి ఒక్కటే బాగుచేసుకుంటే, వాడు అది చూసి ఊరుకుంటాడు కూడా.

"పంపు," అన్నాను.

పంపాడు. ఇద్దరం నీటి ట్యాంకు నీడలో కూర్చున్నాం. నేను కూర్చోలేక లేచాను, మళ్ళీ కూర్చున్నాను. ఫోన్ మోగింది. వాడు చూసి, నా వైపు చూసి, పైకి చదివాడు.

"పాస్టరయ్య. 'వాళ్ళకు పంపిన. చూస్తున్నరు. పక్కన బ్రదర్ ఎవరు? పెండ్లయిందా?'"

వాడు తల వెనక్కి వాల్చి నవ్వాడు. నా చేయి ముక్కు దాకా లేచింది. దించాను. మళ్ళీ లేస్తుందేమోనని దాన్ని మోకాలి కింద పెట్టుకుని కూర్చున్నాను.

కింద నుంచి ఆంటీ గొంతు వినిపించింది. "బాబూ, కాస్త మెల్లగా. మా వారు ఇప్పుడే పడుకున్నారు."