చావు ఇంటి పొయ్యి, దేవుని కుండ

భర్తను గస్తీ జవాన్లు కాల్చి చంపారని ఊరందరికీ తెలిసిన తరువాత కూడా, ఆ ఇల్లాలి ముఖంలోకి చూసి "దేవుడు పిలుచుకున్నాడమ్మా" అనడానికి మీకు నోరు వస్తుందా? వస్తుందనే నా అనుమానం. అలాంటి నోళ్లను నేను చాలా చూశాను. వాటికి పరలోకానికి దారి తెలుసు, పక్కింటికి తెలియదు.

రజాకార్లు పోయి, వాళ్లు ఖాళీ చేసిన చోటల్లా మిలిటరీ క్యాంపులు వెలసిన రోజులవి. నల్లగొండ జిల్లాలో గుట్టల మధ్య ఉన్న ఒక ఊళ్లో, మిషను బడిలో నేను లెక్కలు చెప్పేవాణ్ణి. దేవుడు లేడనే మనిషినని వాళ్లకు తెలుసు. భిన్నాలు చెప్పగల క్రైస్తవుడు ఆ చుట్టుపక్కల దొరకలేదు, అందుకని నాతో సర్దుకున్నారు. బడి, చర్చి, పాదిరి ఇల్లు ఒకే ప్రహరీలో ఉండేవి. నా గది కిటికీ పాదిరి పెరట్లోకి తెరుచుకునేది. కాబట్టి ఆ ఇంటి సంభాషణలు నేను విన్నాననడం కంటే, వినక తప్పలేదనడం సబబు.

చనిపోయినవాడు ఊరి చివర పేటలో ఒక కూలి మనిషి, ఆ చర్చి సభ్యుడు. తప్పిపోయిన మేకను వెతుక్కుంటూ గుట్ట వైపు పోయాడు. దూరం నుంచి చూసిన జవాన్లు కాల్చారు. అతని చేతిలో ఉన్నది మేకను కట్టే పలుపు. క్యాంపు వాళ్లు అతన్ని కమ్యూనిస్టు దళం మనిషి అన్నారు. దళం వాళ్లు అమరుడన్నారు. పాదిరి రక్షణ పొందిన ఆత్మ అన్నాడు. ఇంతమంది పంచుకున్న ఆ మనిషి ఇంట్లో తల్లి, పెళ్లాం, ఒక చంటిపిల్ల మిగిలారు. వాళ్లను పంచుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదు. మేక మాత్రం ఆ సాయంత్రమే తనంతట తాను ఇంటికి వచ్చింది.

అక్కడ ఒక ఆచారం ఉంది. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు. కోడలి పుట్టింటివాళ్లు వండిన బువ్వతో వచ్చి, తినిపించి, తమ చేత్తో పొయ్యి ముట్టించాలి. అంతవరకు ఇరుగుపొరుగు పెట్టిందే తిండి. పేటవాళ్లు ఒక తరం కిందటే బాప్తిస్మం తీసుకున్నారు. పేర్లు మారాయి, పాటలు మారాయి, పొయ్యి మాత్రం మారలేదు. నాకు ఆ ఆచారం మీద కాసింత గౌరవం కూడా లేదు. కాని పక్కింటి నుంచి గిన్నె వచ్చినంతకాలం దానివల్ల ఎవరూ ఆకలితో పడుకోలేదు, అది నిజం.

ఈసారి గిన్నె రాలేదు. ఎందుకంటే క్యాంపు వాళ్లు దండోరా వేయించారు, వండిన తిండి పట్టుకొని ఎవరు బయట కనబడినా దళానికి మోస్తున్నట్టే లెక్క అని. చేనుకు సద్ది తీసుకుపోయిన ముసలివాణ్ణి కూడా తన్నారు. అంతటితో పేటలో జొన్న గటక ముంత తుపాకీ కంటే భయంకరమైన వస్తువైపోయింది. కోడలి పుట్టిల్లు పాలమూరు వైపు, జడ్చర్లకు అవతల. బస్సులు సరిగా లేవు, తోవలో తనిఖీలు. ఎవరి చేతనో కబురు పంపారు. అది చేరిందో లేదో తెలియదు.

తినని తల్లికి పాలు ఎక్కణ్ణుంచి వస్తాయి? చంటిపిల్ల మొదట గట్టిగా ఏడ్చింది. తరువాత ఏడుపు సన్నబడింది. పిల్లల ఏడుపు సన్నబడటమంటే ఏమిటో తెలిసిన ఆడవాళ్లు ఆ ఇంటి ముందు నుంచి పోయేటప్పుడు నడక వేగం పెంచేవాళ్లు. ఊళ్లోని పెద్ద రైతులు అరుగుల మీద కూర్చొని పాపం, పాపం అన్నారు. పాపం అనడానికి ఖర్చు లేదు గదా.

పాదిరి వెళ్లాడు. గడప బయట నిలబడి చాలాసేపు ప్రార్థించాడు. తరువాత, ఇది అన్యుల ఆచారం, ముందు పొయ్యి వెలిగించండి, అప్పుడు సంఘం మీకు అండగా ఉంటుంది అని ఆజ్ఞాపించి, గొడుగు విప్పుకొని వచ్చేశాడు.

నేనూ వెళ్లాను. చనిపోయినవాడి తల్లి గుమ్మంలో కూర్చొని ఉంది. కోడలు లోపల గోడ వైపు తిరిగి పడుకొని ఉంది.

"అవ్వా, పొయ్యికి మైల ఏమిటి? పిల్ల నీరసించిపోతున్నది, ముట్టించు" అన్నాను.

"పెండ్లి గాని పోరనివి, నాకు చావు నేర్పొచ్చినవా పంతులూ" అంది ఆమె.

"పెండ్లికీ దీనికీ ఏం సంబంధం?"

"నా కొడుకును కుక్క లెక్క కాల్చిండ్రు. ఇంటికి ఒక్క మనిషి రాలే. ఇగ పొయ్యి గూడ నేనే ముట్టిచ్చుకుంటే, వాడు కుక్కనే అని నేను ఒప్పుకున్నట్టు గాదా? మనిషి సస్తే మనుషులు రావాలె. వస్తే తింటం. రాకుంటే లేదు."

ఇది తర్కమే. నాకు నచ్చని తర్కం. అయినా గడప బయట వినిపించిన ప్రార్థన కంటే గట్టిది.

ఆ మధ్యాహ్నం పాదిరి పెరట్లో గొడవ మొదలైంది. దానికి ముందు మీకు దేవుని కుండ సంగతి తెలియాలి. ఆ చర్చి ఆడవాళ్లు పొయ్యి మీదికి జొన్నలు తీసిన ప్రతిసారీ పిడికెడు గింజలు పక్కన వేసేవాళ్లు. ఆదివారం వాటిని తెచ్చి చర్చిలో ఒక పెద్ద కుండలో పోసేవాళ్లు. ఆ కుండ దేవునిది. అందులోని జొన్నలు పాదిరి వంటింటివి. దేవుడికీ పాదిరికీ మధ్య ఈ ఏర్పాటు మీద ఏనాడూ పేచీ రాలేదు.

పేచీ పెట్టింది పాదిరి భార్య. ఆమెదీ జడ్చర్ల పక్కనే ఒక పల్లె.

"కుండ నిండ జొన్నలున్నయి. దంచి గటక కాస్త. నువ్వు తోడు రా" అందామె.

"అన్యాచారానికి మనం లొంగరాదు. వారు పొయ్యి వెలిగించిన మరుక్షణమే సహాయం చేద్దాం."

"పిల్ల పోయినంక చేద్దువులే. ఇంకో ప్రార్థన గూడ కలిసొస్తది."

"అవి దేవునికి ప్రతిష్ఠించిన గింజలు."

"దేవుడేమన్న గటక తాగుతడా?"

"తాగడు. ఆ పూచీ నాది" అన్నాను కిటికీలోంచి.

"పంతులూ, నువ్వు నడుమ రాకు. లేడంటివి గద, ఇగ లేనోని తిండి సంగతి నీకెందుకు" అందామె నా వైపు తిరక్కుండానే.

పాదిరి అప్పుడు అసలు మాట బయటపెట్టాడు. "దారిలో క్యాంపు ఉంది. గిన్నెతో కనబడితే కొడతారు."

"ఒక్కదాన్ని పోతే దళానికి అంటరు. పట్టపగలు అందరం పోతే ఏమంటరు? రేపు ఆదివారమే గద. గింజలు తెచ్చెటోళ్లు గింజలు తేవద్దు, వండుకొని, గింజల లెక్కనే గుడ్డ కప్పి తెమ్మని చెప్పొస్త."

పాదిరి కళ్లు మూసుకొని చేతులు జోడించాడు. మంచి మాటకు ఎదురు చెప్పలేనివాడు మౌనాన్ని ధ్యానమని పిలుచుకుంటాడు.

మర్నాడు చర్చిలో గటక వాసన. ప్రసంగం సాగుతున్నంతసేపూ ఆడవాళ్లు గుడ్డలు కప్పిన ముంతలను ఒళ్లో పెట్టుకొని కూర్చున్నారు. ప్రసంగం ముగియగానే పాదిరి భార్య ముందు నడిచింది, వెనుక పేట ఆడవాళ్లంతా. మగవాళ్లు కొందరు నడిచారు, కొందరికి ఉన్నట్టుండి కడుపులో నొప్పి వచ్చింది. నేను నడిచాను. పాదిరి చర్చి తలుపు మూసి, తాళం పడిందో లేదో మళ్లీ మళ్లీ చూసుకుంటూ ఉండిపోయాడు.

ఊరి దొరకున్న కోటలాంటి గడిలోనే క్యాంపు. దాని ముందు జమేదారు ఆపాడు.

"ఏందది?"

"గటక" అంది పాదిరి భార్య.

"ఎవరికి?"

"మీరు కాల్చినోని పెండ్లానికి. ఆమె తింటేనే పిల్లకు పాలు."

అతను ఒక ముంత మీది గుడ్డ లేపి చూశాడు. ఆ ముంత పట్టుకున్నామె, "జర రుచి చూడు సాబ్. ఉప్పు తక్కువైందని మా అత్త తిడ్తది, నువ్వు చెప్పు" అంది. వెనుక నవ్వారు. అతను గుడ్డ కప్పేశాడు.

"రేపు గూడ తెస్తరా?"

"రేపు, ఎల్లుండి, దినాం. దినాం గుడ్డ లేపుతవా? నీకు వేరే పని లేదా?"

ఒక్క ముంతకైతే లాఠీ సరిపోతుంది. ఇన్ని ముంతలను ఏం చేయాలో అతనికి పైనుంచి ఉత్తర్వు లేదు. పొమ్మని చెయ్యి ఊపాడు.

చావు ఇంటి ముందు ఆ ముసలామె లేచి నిలబడింది. "వచ్చిండ్రు, మంచిది. గని పుట్టింటోళ్లేరి?" అంది.

"నేను లేనా అవ్వా" అంది పాదిరి భార్య. "నీ కోడలు, నేను ఒక్క వాగు నీళ్లు తాగి పెరిగినోళ్లం. పాలమూరు మొత్తం గీ గుమ్మం కాడికి రావాల్నా, నేనొక్కదాన్ని చాలనా?"

ముసలామె ఆమెను పైనుంచి కిందికి చూసింది. "నీ మొగడు పొయ్యి మమ్ములనే ముట్టిచ్చుకొమ్మని చెప్పి పోయిండు."

"ఆయన పుట్టిల్లు వేరే" అందామె.

పక్కకు జరిగి దారి ఇచ్చింది ముసలామె. పాదిరి భార్య లోపలికి పోయి కోడలిని లేపి కూర్చోబెట్టింది, ఓదార్పు మాట ఒక్కటీ అనకుండా గటక తాగించింది. తరువాత పుల్లలు పేర్చి పొయ్యి ముట్టించింది. వెంట వచ్చిన ఒక బాలింత చంటిపిల్లను తీసుకొని తన రొమ్ముకు ఆనించుకుంది. కోడలు అప్పుడు ఏడ్చింది. ఎవరూ ఆపలేదు.

పిల్ల బతికింది. తరువాతి వారాల్లో పాదిరి భార్య వాడవాడకు పూటలు పంచింది. ఈ వాడ బువ్వ, ఆ వాడ నీళ్లు, మగవాళ్లు ఆ ఇంటికున్న చారెడు జొన్నచేను కోత. రోజూ ఒకామె వచ్చి కోడలి పక్కన ఊరికే కూర్చోవాలి. ఏడువు అని గాని ఏడవకు అని గాని అనకూడదు. చర్చి పెద్దల కోసం ప్రత్యేకంగా ఒక నియమం పెట్టింది: ఆ ఇంట్లో వాక్యం చెప్పదలచినవాళ్లు ముందు బావి నుంచి ఒక బిందె నీళ్లు తెచ్చిపోయాలి. ఆ నియమం తరువాత చాలామంది పెద్దలకు చెప్పవలసిన వాక్యం గుర్తు రాలేదు. పాదిరి మాత్రం పక్క ఊరి సభలో, మా సంఘం చేసిన ప్రేమ కార్యం అంటూ దీని మీద గంటసేపు ప్రసంగించాడట. చావు ఇంట్లో ఆయన పోసిన బిందె నేను చూడలేదు.

మీరు ఇప్పుడు తల ఊపుతుంటారు. ఊపకండి. వచ్చే ఆదివారం ప్రార్థన ముగిసి అందరూ చెప్పులు వెతుక్కుంటున్నప్పుడు లేచి నిలబడి అడగండి: మనలో ఈసారి చావు జరిగితే మొదటి పూట బువ్వ ఎవరిది? పసిపిల్లలను ఎవరు చూస్తారు? చేను ఎవరు కోస్తారు? చర్చికి పోనివాళ్లు తమ గుడిలో అడగండి, మసీదులో అడగండి, దేవుడు లేడని చప్పట్లు కొట్టుకునే మన సభల్లో మరీ గట్టిగా అడగండి. జవాబుగా మనుషుల పేర్లు చెప్పించండి, దేవుడి పేరు చెబితే ఒప్పుకోకండి. ఆ పేర్లు వచ్చేదాకా ఎవరినీ గడప దాటనివ్వకండి.