చెమట పట్టిన టెంపరేచర్ మీటరు

నాచారం పారిశ్రామికవాడలోని ఒక ట్రాక్టర్ల వర్క్‌షాపులో నేను సర్వీస్ ఇంజనీరుగా పనిచేశాను. రిటైర్మెంటు దగ్గరపడిన రోజుల్లో, ఒక జులైలో, పాత ట్రాక్టర్ల మీటర్ల సెక్షన్ కూడా నాకే అప్పగించారు. పాత మీటర్లకు వచ్చే జబ్బు ప్రధానంగా ఒకటే: అద్దం లోపల తేమ పట్టి ముల్లు కనబడదు. వర్క్‌షాపులో దీన్ని ఎవరూ పెద్ద పనిగా లెక్కించరు. నేనూ లెక్కించలేదు.

ఆ నెలలోనే మేడిపల్లి నుంచి యాదమ్మ వచ్చింది. యాభై దాటిన మనిషి. పాత ట్రాక్టరుకు నీళ్ల ట్యాంకరు తగిలించి, తానే నడుపుతూ కాలనీలకు నీళ్లు పోసేది. ఇంజను వేడిని చూపించే టెంపరేచర్ మీటరు మసకబారిందని ఫిర్యాదు. వానాకాలం కాబట్టి వాన నీళ్లే దిగాయని తేల్చాను. జాబ్ కార్డులో, అంటే బండి ఫిర్యాదూ మా మరమ్మతూ రాసే కాగితంలో, ఆ మాటే రాశాను. మీటరు విప్పి ఆరబెట్టించి, అద్దం చుట్టూ కొత్త రబ్బరు వేయించాను.

మూడు వారాలకు మళ్లీ వచ్చింది.

"సారూ, మల్ల చెమట పట్టింది."

బండి కడిగేటప్పుడు మీటర్ల మీద పైపు పెడుతున్నారా అని అడిగాను.

"నీళ్లు అమ్మేదాన్ని, బండి మీద గుమ్మరిస్తనా సారూ? తడిగుడ్డతోని తుడుస్త. పొద్దుగాల సాఫ్‌గ ఉంటది. నాలుగు ట్రిప్పులు కొట్టినంక అద్దం తెల్లగైతది. జర సూడున్రి."

జవాబు మొత్తం ఆ మాటల్లోనే ఉంది. విన్నాను, రాసుకోలేదు. ఈసారి మీటరు వెనక ఉండే సన్నని రంధ్రాన్ని కూడా సీలెంటుతో మూయించాను. లోపలి తేమ బయటికి పోవడానికే ఆ రంధ్రం పెడతారు. ఆ సంగతి నాకు తెలుసు. ఫిర్యాదు మూడోసారి రాకూడదన్న పట్టుదలతో మూయించాను. "సమస్య పరిష్కారమైంది" అని సంతకం పెట్టాను.

అద్దం తేటగానే ఉంది. లోపల మిగిలిన తేమ మాత్రం ముల్లు తిరిగే ఇరుసును తుప్పు పట్టించింది. వేడి మామూలుగానే ఉందని చూపే పచ్చ గీత మీదే ముల్లు బిగుసుకుపోయింది.

సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం, నిండు ట్యాంకరుతో ఉప్పల్ దాటుతుండగా యాదమ్మకు కమురు వాసన వచ్చింది. మీటరు చూస్తే ముల్లు పచ్చలో ఉంది. ఆమె ముల్లును కాక ముక్కును నమ్మి, బండి పక్కకు తీసి ఇంజను ఆపేసింది. ఇంకాస్త దూరం నడిపితే పిస్టన్లు పట్టేసేవి. వెనక ఐదు వేల లీటర్ల నీళ్లుండగా ముందు రేడియేటరు ఎండిపోయింది.

బండిని మా దగ్గరికి లాక్కొచ్చారు. ఆమె గొడవ పడలేదు.

"ఈ బండి ఆగితే నాకు వేరే పని లేదు సారూ. ఈసారి మీరే విప్పున్రి. నేను పక్కకే నిలబడ్త."

నిలబడింది. నేను బానెట్ ఎత్తాను. ఇంజనులో వేడిని కొలిచే సెన్సారు బిగించిన చోట వాషరు అరిగి, ఇంజను వేడెక్కినప్పుడల్లా రేడియేటరు నీళ్లు ఆవిరై చిమ్ముతున్నాయి. సెన్సారు వైరు మీటర్ల పెట్టెలోకి వెళ్లే కన్నానికి ఉండాల్సిన రబ్బరు ఊడిపోయింది. ఆవిరి ఆ దారినే మీటరు దాకా చేరేది. ఆ తేమ వానదీ కాదు, కడిగిన నీళ్లదీ కాదు. ఇంజనుదే. మసక రూపంలో రెండుసార్లు వచ్చిన హెచ్చరికను నేను మొదట తుడిచాను, తర్వాత మూసేశాను.

వాషరు, రబ్బరు, మీటరు మూడూ మార్చాను. తప్పు నాదేనని ఆమెతో చెప్పాను.

"నాతోని అంటే ఏమొస్తది సారూ, కాయితం మీద రాయున్రి," అంది.

రాశాను. చదివి వినిపించమంది. వినిపించాను. సీలెంటు దగ్గర ఆపి, ఇంకోసారి చదవమంది. అంత వివరంగా రాయాలా అని మేనేజరు తర్వాత అడిగాడు. కస్టమరు కోరారని చెప్పాను.

ఆ ఉదంతం నేర్పింది ఇంతే. బండి నడిపే మనిషి చెప్పింది ఆ మనిషి మాటల్లోనే ముందు రాయాలి. మన నిర్ణయం ఆ తర్వాత రాయాలి. నేను ఆ వరుస తిరగేశాను.