రిపోర్టుకు మూడు క్రెడిట్లు

1995. నెల్లూరులో ఒక రొయ్యల మేత డీలరు గోడౌను మీది గదిలో కూర్చుని నేను బులెటిన్ బోర్డు నడిపేవాణ్ణి. ఇంటర్నెట్ మా ఊరికి ఇంకా రాలేదు. బులెటిన్ బోర్డంటే ఫోనెత్తే కంప్యూటరు, అంతే. అవతలివాళ్లు తమ కంప్యూటరుకు మోడెం అనే పెట్టె తగిలించుకుని మా నంబరుకు ఫోను చేస్తే, మా దగ్గరున్న ఫైళ్లు దింపుకోవచ్చు, తమవి మాకు ఎక్కించవచ్చు. దింపుకోవడం డౌన్‌లోడు, ఎక్కించడం అప్‌లోడు. ఈ వ్యవహారం చూసుకునేవాణ్ణి సిసాప్ అంటారు. పేరు ఘనంగానే ఉంది. సగం రోజు మోడెం వేడెక్కకుండా ఫ్యాను పెట్టుకుని కాపలా కాయడమే నా పని.

అప్పుడు తీరమంతా రొయ్యల పిచ్చి పట్టి ఉంది. వరి మళ్లను గుంటలు చేసి సముద్రపు పోటు ఎక్కే కాలువలోంచి ఉప్పునీళ్లు తోడి పెట్టుకున్నారు. మా డీలరు రామచంద్రయ్య గారు మేత అమ్మకం పెంచుకోవడానికి ఈ బోర్డు పెట్టించారు. మేత దుకాణాలు, రొయ్యపిల్లల సీడు అమ్మే హ్యాచరీలు, రైతులకు సలహాలిచ్చే కన్సల్టెంట్లు, కొనుగోలు ఏజెంట్లు, ఇలా కంప్యూటరు కొనగలిగినవాళ్లు మా ఖాతాదారులు. దుకాణాల వాళ్లు చదివి చెప్పింది చుట్టుపక్కల రైతులు వినేవాళ్లు. రోజూ పొద్దున్నే మద్రాసు నుంచి ఏ సైజు రొయ్యకు ఏం ధర పలికిందో రేటు ఫైలు వచ్చేది. అందరికీ కావలసింది అదే.

ఉన్నది ఒకే లైను. ఒకడు పట్టుకుంటే మిగతావాళ్లకు ఎంగేజ్. కొందరు రేటు ఫైలుతో పాటు ఆటలు, బొమ్మలు, కనబడిందల్లా దింపుకుంటూ కూర్చునేవాళ్లు. తీసుకోవడమే తప్ప ఇవ్వడం తెలియని అలాంటివాణ్ణి మా వృత్తిలో లీచ్ అంటారు, అంటే జలగ. జలగల్ని వదిలించడానికే క్రెడిట్ పద్ధతి పెట్టాను. మీ ఏరియా గుంట రిపోర్టు ఒకటి ఎక్కిస్తే మూడు క్రెడిట్లు, ఒక ఫైలు దింపుకుంటే ఒకటి ఖర్చు. గుంట రిపోర్టంటే నీటి ఉప్పదనం, మేత తింటున్న తీరు, జబ్బు ఉందా లేదా. పై ఊళ్లో జబ్బు కనిపిస్తే కింది ఊరివాళ్లు కాలువ నీళ్లు తోడకుండా ఆగుతారు కదా, అందరికీ మేలని నా ఆశ. తెలిసినవాళ్లు రిపోర్టు చూసి సరే అన్నాకే క్రెడిట్ పడేలా ఒక తాళం కూడా పెట్టాను.

ఆ చూసే పనికి నాయుడుపేట సుగుణమ్మను అడిగాను. ఆమె జువాలజీ చదివి అక్కడ నీటి పరీక్షల ల్యాబు నడిపేది. రైతులు సీసాల్లో నీళ్లు తెచ్చి ఇస్తే పరీక్షించి చెప్పేది. తమ్ముడు దానియేలు దొరవారిసత్రం దగ్గర రెండు గుంటలు కౌలుకు చేస్తున్నాడు. ఆ కౌలుకు హామీ ఆమె ల్యాబే.

తాళం పట్టుమని పది రోజులు నిలవలేదు. శ్రీహరిరావు అని పేరున్న కన్సల్టెంటు ఒకాయన, ఆడమనిషి తన రిపోర్టు దిద్దడమేమిటని అలిగాడు. రామచంద్రయ్య గారు నన్ను పిలిచారు.

"రిపోర్టు వచ్చిందా, క్రెడిట్ పడిందా, అంతే మస్తానూ. మద్దెలో ఈ పంతులమ్మ ఏంది?"

"ఊరికే రాసి పంపిస్తే ఎట్టా సార్?"

"నువ్వు కంప్యూటరు చూసుకో. రొయ్యల్ని మేం చూసుకుంటాం."

తాళం తీయించారు. ఆ వారం నుంచి రిపోర్టులు వరదలా వచ్చిపడ్డాయి. ఎవరి తిప్పలు వాళ్లవి. రేటు ఫైలు కావాలి, దానికి క్రెడిట్ కావాలి, దానికో రిపోర్టు కావాలి. గుంట దాకా ఎవడు పోతాడు? పాత రిపోర్టులో ఊరి పేరు మార్చి పంపితే సరి. వాన పడిన ఊళ్లోనూ పడని ఊళ్లోనూ నీటి ఉప్పదనం ఒకటే. జబ్బు దగ్గర అందరిదీ ఒకే మాట, లేదు. ఎక్కువ ఎక్కించినవాళ్ల పేర్లు బోర్డు తెరవగానే వరసగా కనబడేవి. అన్నిటికంటే పైన శ్రీహరిరావు పేరు. జనం దాన్ని చూసి చూసి, ఆయనే అందరికంటే తెలిసినవాడని నమ్మేశారు. కంప్యూటరే చెబుతుంటే ఇంకేం కావాలి?

ఎండలు ముదిరాక ఒక పొద్దున సుగుణమ్మ రిపోర్టు వచ్చింది. దానియేలు గుంటలో రొయ్యలు మేత మానేసి గట్టు వెంట తేలుతున్నాయి, పెంకు మీద తెల్లమచ్చ ఉంది, నీళ్ల వెంట పాకే జబ్బు ఇది, కాలువ నీళ్లు ఎవరూ తోడవద్దు అని రాసింది. గుంట ఎవరిదో పేరుతో సహా రాసింది. ఆ మాట ఏజెంట్ల కంటబడితే మిగిలిన రొయ్యకు ఎవడూ ధర పెట్టడు. వెంటనే ఫోను చేశాను.

"తమ్ముడి పేరెందుకు పెట్టినావు సుగుణమ్మా? ఊరి పేరు పెడితే చాలదా?"

"ఊరి పేరు పెడితే పక్కోడి గుంటలే అనుకుంటారన్నా. పేరుంటేనే నమ్ముతారు. వాడు ఆ నీళ్లు కాలవలోకి వదులుతానంటా ఉండాడు. బ్లీచింగు కొట్టందే వదలనియ్యనని గట్టు మీదనే కూచోనుండి వచ్చినా."

మధ్యాహ్నం భోజనం చేసి వచ్చేసరికి ఆ ఫైలు లేదు. సిసాప్ పాస్‌వర్డుతో తీసేశారు. ఆ పాస్‌వర్డు నాకు కాక తెలిసింది రామచంద్రయ్య గారికే. ఒళ్లు మండిపోయింది. కిందికి దిగి గోడౌనులోనే అడిగాను.

"ఒక గుంటలో నాలుగు రొయ్యలు చస్తే కాలవంతా గోల చెయ్యాల్నా? రేపు మేత ఎవుడు కొంటాడు?" అన్నారాయన.

"ఆమె రాసింది నిజం సార్."

"నిజం గాదని నేనన్నానా? గుంటల్లో రొయ్య పట్టి అమ్మేదాకా ఆగమంటుండా."

పైకి వెళ్లి నా దగ్గరున్న కాపీ మళ్లీ ఎక్కించాను. సాయంత్రానికి అదీ పోయింది, పాస్‌వర్డు కూడా మారింది. తెలిసిన దుకాణాలకు ఫోను చేసి చెప్పాను. ఒకాయన నవ్వాడు. "శ్రీహరిరావు గారు ఏం లేదని రాసినారు గదన్నా. ఆయన్ని మించినోడా నువ్వు?"

దొంగ ఫైళ్లు పంపేవాళ్ల కోసం, ఫైలు తీసేస్తే దాని క్రెడిట్లూ వెనక్కి పోయే ఏర్పాటు బోర్డులో ఉంది. అది సుగుణమ్మ మీద పనిచేసింది. మర్నాడు ఆమె ఫోను చేసి బోర్డులోకి వస్తే, క్రెడిట్లు చాలవు, రిపోర్టు పంపండి అని తెర మీద పడిందట.

ఆ ఫైలు బతికిన ఆ ఒక్క రోజులో దాన్ని దింపుకున్నవాళ్లు కొనుగోలు ఏజెంట్లు మాత్రమే. కాపాడుకోవలసిన రైతులకు ఆ మాట చేరనే లేదు. దానియేలు గుంట దగ్గరికి కొనేవాళ్ల లారీ రాలేదు. పక్క గుంటలవాళ్లు జబ్బు దాచి, ఉన్న రొయ్యను ఉన్న ధరకు అమ్మేసి, నీళ్లు తెల్లారేసరికి కాలువలోకి వదిలేశారు. కిందివాళ్లు ఆ నీళ్లే తోడుకున్నారు. నెల తిరక్కుండా కాలువ పొడుగునా గుంటలు పోయాయి.

తర్వాత నాయుడుపేట వెళ్లాను. ల్యాబులో బల్లలు కూడా లేవు. కౌలు హామీ కింద సామాను వెళ్లిపోతోంది. దానియేలు వరండాలో ఉన్నాడు కానీ అక్కతో మాట్లాడటం లేదు. నువ్వు చేసింది న్యాయమమ్మా అన్నాను.

"న్యాయమో ఏమో అన్నా. అందురూ మునిగినారు. చెప్పకుండా మునిగినోళ్లకు లారీ అన్నా వచ్చింది. వీడికి అదీ లేకుండా చేసినా." ఆమె ఏడవలేదు. నాకే కళ్లలో నీళ్లు తిరిగాయి, కోపంతో.

తిరిగి వస్తుంటే బస్సులోంచి చూశాను. గుంటలన్నీ ఎండి, అడుగున ఉప్పు పేరుకుని ఉంది. లెక్క చూసుకుని ఉద్యోగం మానేద్దామని ఆఫీసుకు వెళ్లాను. మోడెం మోగింది. శ్రీహరిరావు నుంచి ఒక రిపోర్టు. నీరు బాగుంది, రొయ్య చురుగ్గా ఉంది, జబ్బు లేదు. నేను అప్పుడే దాటి వచ్చిన ఊరిదే అది. కంప్యూటరు ఆయనకు మూడు క్రెడిట్లు వేసింది. ఆయన రేటు ఫైలు దింపుకుని ఫోను పెట్టేశాడు.

ఆ తర్వాత ఇన్నేళ్లలో చాలా ఆఫీసులకు ప్రోగ్రాములు రాశాను. పాయింట్లు, స్టార్లు, ర్యాంకులు, పేరేదైనా సరుకు అదే. ఎవరు పెట్టమన్నా మొదట ఒకటే అడుగుతాను. "ఇందులో చెడ్డ కబురు చెప్పినవాళ్లకు ఏమొస్తుంది?" పెద్ద పెద్దవాళ్లు నా వంక విసుగ్గా చూసి, అది తర్వాత ఆలోచిద్దాం అంటారు. ఆ తర్వాత అనేది ఇంతవరకు ఏ ఆఫీసులోనూ రాలేదు.