ఎంగిలి తగలని మైకు

పొద్దున్న కాఫీ తాగుతూ ఫోను తెరిస్తే, మా అప్ప పాడిన వీడియో కింద ఎవరో ముక్కూమొహం తెలియని ఆయన రాసిన మాట కనిపించింది. పాట బాగుందట, గొంతే సరిగ్గా వినపడటం లేదట, మైకు దగ్గరగా పెట్టి మళ్లీ తీయమన్నాడు. మంచి మనసుతోనే రాశాడు, ఆయన్ని ఏమనడానికీ లేదు, కానీ ఆ ‘మళ్లీ’ అన్న మాట దగ్గరే నా కాఫీ చల్లారిపోయింది.

అప్ప అంటే అక్క. మా శ్రీకాకుళం వైపు అలాగే పిలుస్తాం. మా నాన్న నరసన్నపేట చుట్టుపక్కల పెళ్లిళ్లకి మైకుసెట్టు అద్దెకిచ్చేవాడు. ఆ రోజుల సంగతి మీకు చెప్పక్కర్లేదు, కొబ్బరిచెట్టుకి కట్టిన లౌడుస్పీకరు మోగితే పిలవని ఊళ్లకి కూడా పెళ్లి తెలిసిపోయేది. దసరాకి నాన్న ఆ మైకుకి పసుపు రాసి, బొట్టు పెట్టి, సరస్వతీదేవిని కొలిచినట్టు కొలిచేవాడు. ఎవరు పాడినా మూరెడు దూరంలో నిలబడాలి, నోటి తుంపర తగిలితే ఎంగిలైపోతుందనేవాడు. దగ్గరికెళితే సెట్టు కూత పెడుతుందన్నదే అసలు సంగతని నేను పెద్దయ్యాక గ్రహించాను గానీ, అప్పకి మాత్రం ఆ ఎంగిలి భయం ఎముకల్లో ఇంకిపోయింది.

అప్పట్లో ఆ దూరం ఆమెకి ఒక లెక్కా? ఊడుపుల్లో, మోకాలి లోతు బురదలో వంగి నాటుతూ పెంచుకున్న గొంతు అది. పుట్టింటికి నడిచి వెళ్లే ఆడపిల్ల పాట ఒకటుండేది. మొదటి మడిలో ఎత్తుకుంటే అన్నాల వేళ దాకా సాగేది. కూడా పాడినవాళ్లంతా ఒక్కొక్కరే వెళ్లిపోగా, దాన్ని మొదటినుంచి చివరిదాకా ఎరిగినది అప్ప ఒక్కతే మిగిలింది. ఆమెతోపాటు అదీ పోతుందన్న బెంగతోనే, పోయిన ఏడు నేను వీడియో తీయడానికి పూనుకున్నాను.

ఫోను ఎదురుగా పెడితే అప్ప వెనక్కి జరిగేది. నేను ముందుకి జరిపితే ఆమె పీటతో సహా ఇంకాస్త వెనక్కి. కాలర్ మైకు కొనుక్కొచ్చి చీరకి తగిలిస్తే, అమ్మవారు ఒంటిమీదికొచ్చినట్టు బిగుసుకుపోయి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని పాడింది. గొంతు అందడం లేదే అని నేను విసుక్కుంటే, "ఒరే, ఏరవతలికి ఇనిపించీది నా గొంతు, నీ డబ్బాకి సెవుడేటిరా?" అని ఎదురు తగులుకుంది. ఆ తిట్టు మాత్రం కొంగు తీసి తిట్టింది కనక, గంట కొట్టినట్టు రికార్డయింది.

పోనీలే, తరవాత పెంచుకోవచ్చు కదా అనుకున్నాను. సౌండు లెవెలు పెంచితే ఫ్యాను హోరు పెరిగింది, పెరట్లో కోడి అరుపు పెరిగింది, వీధిలో ఆటో పెరిగింది. అప్ప గొంతు మాత్రం వాటన్నిటి వెనక ఎక్కడో పొలం గట్టు మీద ఉండిపోయింది. చలికాలం వచ్చి ఫ్యానుతో పని లేకపోయాక, ఇల్లు సద్దుమణిగే రోజు చూసి మళ్లీ కూర్చోబెడదామనుకున్నాం. చలికాలం రాకుండానే ఆమెకి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది.

ఈ పొద్దున్న, ఆయన రాసినది చదివి ఉండబట్టలేక, అప్ప మంచం పక్కన కూర్చుని ఆ వీడియోనే పెట్టాను. చెవి ఒగ్గి వింది. విని, బాగున్న చేత్తో ఆ కాలర్ మైకు ఇమ్మని సైగ చేసింది. ఫోనుకి తగిలించి ఇచ్చాను. జీవితంలో మొట్టమొదటిసారి, ఎంగిలన్న శంక లేకుండా దాన్ని పెదాలకి ఆనించుకుంది. నోరు తెరిచి ఆ పాటే ఎత్తుకోబోయింది. ఫోనులో లెవెలు చూపించే ఆ పచ్చ గీత కేసి ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. అది కదల్లేదు.

ఒక్క మైకు కోసం ఊరంతా ఎదురుచూసిన కాలం నుంచి, ప్రతి జేబులోనూ ఒక మైకున్న కాలానికి వచ్చాం. ఇప్పుడు అప్పకి ఎంత దగ్గరగానైనా పెట్టొచ్చు, కాదనదు. మైకుకి అంటిన తడి తుడవబుద్ధి కాక, అలాగే పట్టుకు కూర్చున్నాను.