కార్డులో మిగిలిన ఫోటోలు

రాయదుర్గంలో మా ఫోటో స్టూడియో పక్క సందులోనే ఆయన కుట్టుమిషను. చిన్నప్పటి నుంచీ ఆయన్ని నేను చాచా అనే పిలుస్తాను. బడికి తొడుక్కుపోయిన నిక్కర్లన్నీ ఆయన కుట్టినవే. ఎదిగే పిల్లవాణ్ణని అంచులో నాలుగు వేళ్ల గుడ్డ లోపలికి మడిచి కుట్టేవాడు. ఏడాదికోసారి మా అమ్మ తీసుకుపోతే ఒక మడత విప్పి ఇచ్చేవాడు. ఊళ్లో జీన్సు కుట్టే యూనిట్లు పెరిగాక కొత్త బట్టలు కుట్టించుకునేవాళ్లు తగ్గిపోయారు. ఇప్పుడాయన ఎక్కువగా ప్యాంట్ల పొడవు తగ్గిస్తుంటాడు.

పోయిన ఎండాకాలం ఒక బట్టల వ్యాపారి ఇంట్లో పెళ్లికి ఫోటోలు తీయడానికి వెళ్లాను. చాచా కూడా వచ్చాడు. మధ్యాహ్నం భోజనాల రెండో బంతి కోసం కాచుకుని, చేతులు తల వెనక పెట్టుకుని, కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాడు. ఆయన నీలం కోటుకు సంక దగ్గర చిరుగుంది. దాని మీద వేసిన కుట్టు చిరుగును పట్టుకోకుండా పక్కకు వంకరగా పోయింది. టైలరు కోటే ఇలా ఉందేమిటని నాకు నవ్వొచ్చింది. ఏడు ఫోటోలు తీశాను. అందులో మూడు బాగా దగ్గరికి లాగి తీసినవి. వీడియో తీసే స్నేహితుణ్ణి పిలిచి కెమెరా వెనక తెర మీద చూపించాను. ఇద్దరం నవ్వుకున్నాం.

పెళ్లి ఫోటోలు కంప్యూటర్‌లోకి ఎక్కించుకున్నాను గానీ, ఇంకా సరిచూడలేదని కార్డు ఖాళీ చేయలేదు. నాలుగు రోజుల తర్వాత చాచా స్టూడియోకు వచ్చాడు. ఉమ్రా చేయడానికి మక్కాకు పోతున్నాడట, వీసాకు ఫోటో కావాలన్నాడు. తెల్ల గుడ్డ ముందు కూర్చోబెట్టి తీశాను. ఏది బాగుందో తనే ఎంచుకుంటాడని పక్కన కుర్చీ వేసి, కార్డు తీసి కంప్యూటర్‌కు పెట్టాను.

కార్డులో ఉన్నవన్నీ ఒక్కొక్కటిగా తెర మీద తెరుచుకోసాగాయి. తాళిబొట్టు, తలంబ్రాలు, పెళ్లికూతురి మేనమామలు. తర్వాత ఏం రాబోతున్నాయో నాకు గుర్తొచ్చేసరికే తెర మీదికి ఆయన ఫోటో వచ్చేసింది. మౌస్ కోసం తడుముకున్నాను. ఏడూ వరసగా వచ్చి నిలబడ్డాయి.

చాచా ముందుకు వంగాడు.

"ఇది నేను కదా?" అన్నాడు.

చేయి తగిలి పడినట్లున్నాయని చెప్పాను. చేయి తగిలితే అంత దగ్గరగా, అంత స్పష్టంగా ఎవరికీ పడవు. చెరిపేయబోతుంటే ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఉండప్పా. ఆ సంక కాడ పెద్దది చెయ్యి."

చేశాను. తెర నిండా చిరుగే కనబడింది. ఆయన కళ్లజోడు పైకెత్తి, కిందికి దించి, మొహం తెరకు తగిలేంత దగ్గరగా పెట్టి చూశాడు.

"పొద్దున్నే నేనే కుట్టుకుంటి. సరిగ్గా పడిందనుకుంటి," అన్నాడు మెల్లగా. "దారం కూడా నల్లది ఏసినా చూడు. నీలం అనుకున్నా."

చూపు ఎంత పోయిందో ఆయనకు నా ఫోటో చెప్పింది. నేను నవ్వుకోవడానికి తీసిన ఫోటో. వీసా ఫోటోలు అచ్చువేసి కవర్లో పెట్టి ఇచ్చాను. మామూలుగా అందరి మొహాల మీద ముడతలు కొంచెం తగ్గిస్తాను. ఆ రోజు ఆయన మొహాన్ని ముట్టుకోవడానికి చేతులు రాలేదు.

వారం దాకా ఆ సందులోకి పోలేదు. బళ్లారిలో కళ్ల డాక్టరు పొరలు ముదిరాయని ఆపరేషను చెప్పాడని ఆయన కోడలి ద్వారా తెలిసింది. పొడవు తగ్గించాలన్న నెపంతో ఒక ప్యాంటు పట్టుకుని వెళ్లాను. చాచా మిషను ముందు ఊరికే కూర్చుని ఉన్నాడు. కోడలు గడపలో సూదికి దారం ఎక్కిస్తోంది. ఆమె లోపలికి పోయేదాకా ఆగి, ఆ ఫోటోలు చేయి తగిలి పడినవి కావని, నవ్వుకోవడానికే తీశానని చెప్పాను.

"తెలుసప్పా," అన్నాడు. "నేను ఆ పొద్దు నిద్ర పోలేదు. నీ కెమెరా టిక్కు టిక్కుమనేది వినపడతానే ఉండె. మీరిద్దరూ నవ్వేది కూడా విన్నా."

అంతా తెలిసే ఆయన ఫోటోకు నా దగ్గరికే వచ్చాడన్నమాట. ఆయన నా ప్యాంటు తీసుకుని ఒళ్లో పరుచుకుని, కొలత గుర్తు కోసం వేలితో తడిమాడు.

"నవ్వితివి, సరే. వయసులో మేమూ నవ్వినాము. చెయ్యి తగిలిందని యాల చెప్తివి? నిన్ను నేను తిడ్తానా?"

తప్పయింది చాచా అన్నాను. చాలా ఆలస్యంగా, చాలా చిన్న గొంతుతో. ఆయన సరేలెమ్మని తలాడించి, ప్యాంటు ఎప్పటికి కావాలని అడిగాడు.

ఆపరేషను బాగా జరిగింది. ఉమ్రా నుంచి వచ్చాక వీధిలో అందరికీ ఖర్జూరాలు పంచుతూ మా స్టూడియోకూ వచ్చాడు. లోపల ఇద్దరు ఫోటోల కోసం కాచుకుని ఉన్నారు. వాళ్ల ముందే నా చేతిలో పొట్లం పెట్టి, మా అమ్మ ఆరోగ్యం ఎలా ఉందని అడిగాడు. ఇప్పుడాయనకు మొహాలు బాగా కనబడుతున్నాయి. అమ్మ బాగుందని చెప్పి నేను పొట్లం వైపే చూస్తూ ఉండిపోయాను.