ఆమెనే చెప్పనీయండి

మా నల్గొండ ఆఫీసులో ఎవరైనా మోకాళ్లకు నొప్పుల మందు రాసుకుంటే చాలు, ఆ ఘాటుకు నాకు రాజేశ్వరి మేడం గుర్తుకొస్తారు. ఇల్లిల్లూ తిరిగి ఎవరు ఏ పని చేస్తున్నారో రాసుకునే సర్వేకు మా జట్టు పెద్ద ఆవిడే. పనిచేసే ఆడవాళ్లు ఇంతమంది, ఏ పనీ చేయనివాళ్లు ఇంతమంది అని పేపర్లో అంకెలు చూస్తుంటాం కదా, వాటి వెనక అరిగిన మోకాళ్లలో ఆవిడవి కూడా ఉన్నాయి. "ఏ ఊరి కుక్కనడిగినా నా సంగతి చెప్తది" అని తన మీద తానే హాస్యమాడేవారు. తర్వాత నాకు పై అధికారి అయ్యారు గానీ, మొదట మా వాకిట్లో నిలబడ్డ కొత్త మనిషి.

తెలంగాణ వచ్చిన కొత్తలో మాట ఇది. డిగ్రీ పూర్తవగానే చేనేత ఇంటికి కోడలిగా వచ్చాను. బయట ఉద్యోగం చేయాలని మనసులో ఉండేది, మాట మాత్రం నోటిదాకా వచ్చేది కాదు. మా మామ కోపిష్టి కాదు, కానీ ఆయన ఒకటి అన్నాక ఇంకొకటి అనే అలవాటు ఆ ఇంట్లో ఎవరికీ లేదు. పైగా నేను పోతే ఆసు ఎవరు పోస్తారు? రంగులద్దే ముందు నూలును మేకుల మీదుగా అటూ ఇటూ చేత్తో తిప్పడమే ఆసు పోయడం. పొద్దంతా పోస్తే రెక్క పడిపోతుంది. అది మావైపు ఆడవాళ్లు చేసేదే. అయినా మగ్గం మీద కూర్చున్నవాళ్లే పని చేస్తున్నట్టు, మిగతావాళ్లు ఊరికే ఉన్నట్టు మా ఇళ్లలో లెక్క. నేనూ అలాగే అనుకునేదాన్ని.

మేడం వచ్చిన రోజు మామ అరుగు మీద కూర్చుని జవాబులు చెప్పేస్తున్నాడు.

"నేను, నా కొడుకు మగ్గం నేస్తం. ఆడోళ్లేం జేస్తరు మేడం, ఇంట్లనే ఉంటరు."

మేడం లోపలికి తొంగి చూశారు. నా చెయ్యి ఆసు మీద ఆడుతూనే ఉంది.

"గా ఆసు ఒక వారం బందు పెడితె మగ్గం నడుస్తదా అన్నా?"

"గదెట్ల నడుస్తది?" అని నవ్విన మామ, నవ్వు మధ్యలోనే ఆగి మా అత్త వైపు చూశాడు. "నిజమే గదా. మరి ఇద్దర్ని గూడ రాస్కోండ్రి."

తర్వాతి ప్రశ్న నాకు. "ఇది గాక వేరే పని దొరికితె చేస్తవా బిడ్డా?"

"ఆమెకేం తక్కువ, యాడికి పోతది?" అన్నాడు మామ.

"ఆమెనే చెప్పనీయండి" అని మేడం ఊరుకున్నారు. కసరలేదు, తొందరపెట్టలేదు. అవునంటే ఇంట్లో ఏమవుతుందో తెలియదు, కాదంటే మళ్లీ ఇంకెవరు అడుగుతారు?

"చేస్త" అన్నాను.

మిన్ను విరిగి మీద పడలేదు. మామ తువ్వాలతో మెడ తుడుచుకుని, "మరి ఇన్నొద్దులు చెప్పకపోతివి" అన్నాడు, అంతే. ఆ సాయంత్రం పొయ్యి దగ్గర అత్త మెల్లగా అంది: "నన్నెవ్వలు అడగలె బిడ్డా. అడిగితె నేను గూడ గదే చెప్పేదాన్ని. నువ్వు పో. ఆసు నేను జూస్కుంట, కానిది కూలికిద్దాం." ఎన్నాళ్లకో కడుపునిండా అన్నం తిన్నాను.

కొన్నాళ్లకు సర్వేకు మనుషులు కావాలంటే మేడం దగ్గరే పనిలో చేరాను. మొదట్లో కల్వకుర్తి వైపు ఒక గొర్లకాపరి ఇంటికి వెళ్లాం. ఆ ఇంటావిడ జవాబు వెతుక్కుంటుంటే, నేనే మాట అందించి ముగించేశాను. తిరుగు బస్సులో మేడం నా తొడ మీద ఒకటి చరిచారు. "మీ మామకు, నీకు ఏం ఫరకున్నదే? ఆమె నోట్లె మాట గుంజుకుంటివి." ఇద్దరం పక్కవాళ్లు తిరిగి చూసేలా నవ్వుకున్నాం. మర్నాడు మళ్లీ ఆ ఇంటికే వెళ్లి కూర్చున్నాను.

మేడం రిటైరై కూతురి దగ్గర ఉంటున్నారు. మొన్న వేరే సర్వేకని ఓ అమ్మాయి మా ఇంటికే వచ్చింది. ఆడవాళ్ల సంగతి అడగగానే మామ లోపలికి తిరిగి, "ఏమే, నీ ముచ్చట నువ్వే చెప్పు" అని కేకేశాడు. అత్త చెంగుతో చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. ఏం చెప్పాలా అని చాలాసేపు ఆలోచించింది. పక్కనే ఉన్నా నేను ఒక్క మాట కూడా అందించలేదు. మేడం నుంచి నాకు అబ్బిన విద్య అదొక్కటే.

అత్త చివరికి ఆ అమ్మాయి వైపు కుర్చీ జరిపింది. "గట్ల నిలవడితె కాదు బిడ్డా, కూసో. జర సేపైతది."