కుడిపక్కకు పడుకోబెట్టిన సైకిల్

కోస్గి చుట్టుపక్కల ఊళ్లలో గొర్రెకు నడవలేనంత జబ్బు చేస్తే, బండివాడికంటే ముందు కురుమయ్యకు కబురు వెళ్తుంది. బండి ఎవరిదైనా కావచ్చు, జీవాన్ని అందులోకి ఎక్కించే మనిషి మాత్రం ఆయనే కావాలి. వేరేవాళ్లు ఎక్కించిన గొర్రెలు దవాఖాన చేరకముందే కడుపుబ్బి చచ్చిన సంగతులు అందరికీ గుర్తున్నాయి. నేను ఆ ఊరి బడికి తెలుగు టీచరుగా వచ్చిన కొత్తలో, గొర్రెను పడుకోబెట్టడం కూడా ఒక విద్యేనా అని నవ్వుకున్నాను. ఆయన పని ఒకసారి దగ్గర నుంచి చూశాక ఆ నవ్వు మానేశాను.

ముందు బండిలో గొంగడి పరుస్తాడు. గొర్రె ముందుకాళ్ల సందున ఒక చెయ్యి, తొడల కింద ఒక చెయ్యి వేసి ఎత్తుతాడు. ఎత్తుతున్నంతసేపూ దానితోనే ఏదో గొణుగుతుంటాడు, చుట్టూ ఉన్నవాళ్లను పట్టించుకోడు. దింపడం ఎప్పుడూ కుడిపక్క మీదికే. గొర్రెకు పొట్ట ఎడమ దిక్కున ఉంటుంది. ఆ పక్క కిందికి పోతే పొట్ట నలిగి లోపల గాలి నిలిచిపోతుంది. అందుకని ఎడమపక్క పైకే ఉండాలి. తండ్రి బీరప్ప నేర్పిన పద్ధతి అది. తర్వాత తానూ బండిలోనే గొంతుకూర్చుని, గుంత వచ్చినప్పుడల్లా జీవం ఎగిరిపడకుండా అరచేత్తో అదిమి పట్టుకుంటాడు. సర్కారు గొర్రెలు పంచిన ఏడాది లారీల్లో దిగిన జీవాల్లో నీరసపడ్డవాటిని ఇంటింటికీ చేర్చింది ఆయనే. ఒక్కటి కూడా దారిలో పోలేదని ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

పనిమంతులకు ఉండే జబ్బు ఆయనకూ ఉండేది. పక్కనుంచి ఎవరైనా ఇట్లా కాదు అట్లా పెట్టు అన్నారో, ఎత్తిన గొర్రెను అక్కడే దించి, తువ్వాల దులుపుకుని ఇంటిదారి పట్టేవాడు. ఆ తర్వాత కాళ్లావేళ్లా పడినా వచ్చేవాడు కాదు. భార్య రామమ్మ కూడా ఆయన పనిలో ఉన్నప్పుడు నోరు విప్పేది కాదు. నాకు నోరు కట్టుకోవడం చేతకాదు కాబట్టి, ఆయన గొర్రెను ఎక్కిస్తుంటే కొంచెం దూరంగా నిలబడేదాన్ని.

వాళ్లకు ఒక్కతే కూతురు, శైలజ. నా దగ్గరే పదో తరగతి చదివింది. బడికి ఊరి బయటి నుంచి పాత సైకిల్ మీద వచ్చేది. ఆ పిల్ల తొక్కే వేగం చూసి బస్సు డ్రైవర్లే హారన్ కొట్టడం మానేశారు. మహబూబ్‌నగర్‌లో పిల్లలకు సైకిల్ పందేలు నేర్పే ప్రేమ్‌సాగర్ అనే ఆయన ఒక ఆటలపోటీలో ఈమెను చూశాడు. తను పందేల్లో తొక్కిన సైకిల్‌ను సాధన చేసుకొమ్మని ఇచ్చాడు. పాతదే అయినా సన్నటి టైర్లు, కిందికి వంగిన హాండిల్, ఒక చేత్తో ఎత్తగలిగేంత బరువు. ఊరంతా వచ్చి దాన్ని ఎత్తి చూసి పోయారు, కురుమయ్య తప్ప.

ఆయనకు ఆ సైకిల్ ఏమాత్రం నచ్చలేదు. స్టాండు లేదు, క్యారియర్ లేదు, గడ్డిమోపు పెట్టుకునే దిక్కు లేదు, ఇదేం సైకిల్ అన్నాడు. కూతురు పొట్టి లాగు వేసుకుని రోడ్డు మీదికి పోతుంటే అరుగుల మీది వాళ్లు అనే మాటలు ఆయన చెవిన పడుతూనే ఉన్నాయి. పిల్లను వద్దని మాత్రం అనలేదు. అది ఆయన మంచితనం అని రామమ్మ అనేది, మొండితనం అని నేను అనేదాన్ని. సైకిల్ ఇంట్లోనే, గొర్రెపిల్లలను కట్టేసే మూలకు పక్కనే ఆనించి ఉండేది. రెండేళ్లపాటు ఆయన దాన్ని తప్పుకుని నడిచాడు తప్ప ఒక్కసారి చెయ్యి వెయ్యలేదు. వానకు ఇంటికప్పు కారిన రోజున గొర్రెపిల్లల మీద గొంగడి కప్పి, సైకిల్‌ను తడవనిచ్చాడట. రామమ్మ లేచి దానిమీద తన పాత చీర కప్పిందట.

రాష్ట్రం వచ్చిన కొన్నేళ్లకు, శైలజ ఇంటర్ రెండో ఏడాదిలో ఉండగా, రాష్ట్ర జట్టుకు పిల్లలను ఎంచే పందెం మహబూబ్‌నగర్ శివారు రోడ్డు మీద పెట్టారు. ఆ వయసు పిల్లల విభాగంలో ఆమెకు అదే చివరి ఏడాది. అది దాటితే పెద్దవాళ్లతో పోటీ పడాలి, అక్కడ ఈ పాత సైకిల్ నిలవదు. ఎంపికైతే హైదరాబాద్‌లో ఉంచి, తిండిపెట్టి, చదివించి, మంచి సైకిల్ ఇచ్చి నేర్పిస్తారు. శైలజకు తెలిసిన దారుల్లో ఊరు దాటించే దారి అదొక్కటే అని నాకు తెలుసు, ఆ పిల్లకు నాకంటే బాగా తెలుసు.

పందేనికి వారం ముందు కురుమయ్య రోడ్డు పక్క గుట్టమీద మందను మేపుతున్నాడు. కింద ఎత్తురోడ్డు మీద వడ్ల బస్తాల ట్రాక్టరు ఒకటి మూలుగుతూ ఎక్కుతోంది. శైలజ వెనకనుంచి వచ్చి, సీటు మీంచి లేచి తొక్కుతూ దాన్ని దాటి, వెనక్కి తిరిగి చూడకుండా గుట్ట మలుపులో మాయమైంది. ఆయన ఆ రోజు మందను తొందరగా మళ్లించి ఇంటికొచ్చి, నీ పందెం ఎప్పుడు అని కూతుర్ని అడిగాడు. ఆ మాట చెప్పడానికి రామమ్మ మా ఇంటిదాకా నడిచొచ్చింది.

పందెం ముందురోజు సైకిల్ తొక్కి అలిసిపోవద్దని, కారులో పెట్టుకుని రమ్మని ప్రేమ్‌సాగర్ చెప్పాడు. మా ఊరి నాగేందర్‌కు ఏడుగురు పట్టే కిరాయి కారు ఉంది. వెనక సీట్లు మడిచి, నడిమి సీటు సగం వంచితే సైకిల్ పడుతుంది. నన్నూ రమ్మన్నారు. నేను వాళ్లింటికి చేరేసరికి శైలజ లోపల తల ఆరబెట్టుకుంటోంది, రామమ్మ రొట్టెలు కడుతోంది. కురుమయ్య కారు వెనక తలుపు తెరిచి పనిలో ఉన్నాడు.

అప్పటికే ముందు చక్రం ఊడదీశాడు. ఎలా తియ్యాలో ముందురోజే కూతురితో చూపించుకున్నాడట. కొత్తగా ఉతికిన గొంగడిని మడత మీద మడత వేసి పరిచాడు. సైకిల్‌ను నడుము దగ్గర ఒక చెయ్యి, మెడ దగ్గర ఒక చెయ్యి వేసి ఎత్తాడు. పెదాలు కదులుతున్నాయి. దానితో మాట్లాడుతున్నాడని గమనించి నాకు నవ్వొచ్చింది, గుండె కూడా చల్లబడింది. మెల్లగా లోపలికి వంగి, కుడిపక్క కిందికి వచ్చేట్టు పడుకోబెట్టాడు. హాండిల్ కదలకుండా ఉన్నితాడుతో కట్టాడు. ఊడదీసిన చక్రాన్ని గుడ్డలో చుట్టి విడిగా పెట్టాడు. పైన ఇంకో గొంగడి కప్పాడు. చైను మసి సీట్లకు అంటుతుందని భయపడుతున్న నాగేందర్ కూడా ఈ ఏర్పాటు చూసి తల ఊపాడు.

శైలజ బయటికొచ్చి కారులోకి తొంగి చూసింది. గొంగడి ఒక కొస ఎత్తి, కాసేపు అలాగే వంగి ఉంది. తండ్రి వెనకాలే నిలబడి, మెచ్చుకోలు కోసం ఎదురుచూసే పిల్లవాడి మొహం పెట్టుకుని ఉన్నాడు. ఆయన ముఖంలో అంత వెలుగు అంతకుముందు నేను చూడలేదు. మంచిగుంది నాయినా, అని ఆమె గొంగడి కప్పేసి తన సీట్లో కూర్చుంది.

దారిపొడుగునా ఆయన వెనక సైకిల్ పక్కన ముడుచుకుని కూర్చున్నాడు. గుంత వచ్చినా, స్పీడ్‌బ్రేకర్ వచ్చినా, నాగేందరూ జర పైలం అంటూ రెండు చేతులతో దాన్ని అదిమి పట్టుకున్నాడు. ఒక్కసారి కూడా అది ఎగరలేదు.

మర్నాడు పొద్దున్నే పందెం. శైలజ చక్రం బిగించి, వెనక చక్రాన్ని తిప్పి చూసి, గేరు దగ్గర బొటనవేలితో ఏదో నొక్కింది. నొక్కి మళ్లీ తిప్పింది. ప్రేమ్‌సాగర్ పందెం ఏర్పాట్లలో ఉండి అటు రాలేదు. నేనూ కురుమయ్యా ముందే వెళ్లి రోడ్డు ఎత్తెక్కే చోట నిలబడ్డాం.

మొదట వచ్చిన గుంపులో మా పిల్ల ఉంది. ముందున్న ఇద్దరికి ఆనుకునే ఉంది, ఆయాసం కూడా లేదు. ఎత్తు మొదలవగానే అందరూ గేరు మార్చారు. టకటకమని ఒక చప్పుడు, ఆ వెంటనే ఇనుము విరిగిన చప్పుడు. శైలజ వెనక చక్రం ఒక్కసారిగా బిగుసుకుపోయింది. పడిపోకుండా కాలు ఆనించింది. ఒక్క క్షణం కిందికి చూసి, సైకిల్‌ను భుజాన వేసుకుని ఆ ఎత్తు మీదికి పరుగు తీసింది. కురుమయ్య ఆమె వెంట పరుగెత్తి సైకిల్ తను అందుకోబోయాడు. ఆమె ఇవ్వలేదు. వెనకాల ఉన్నవాళ్లు ఒక్కొక్కరే దాటిపోయారు. ఆఖరి పిల్ల కూడా దాటాక, వెనకాల వచ్చే పందెంవాళ్ల వ్యాను ఆమె పక్కన ఆగింది.

ప్రేమ్‌సాగర్ సైకిల్‌ను బోర్లించి చూశాడు. చైనును ఒక పళ్లచక్రం నుంచి ఇంకోదానికి మార్చే భాగం కుడి దిక్కున వేలాడుతూ ఉంటుంది. దాన్ని పట్టి ఉంచే పట్టీ మెత్తటి లోహం. బరువు పడి అది లోపలికి వంగింది. చిన్న గేరుకు మార్చగానే మొత్తం పోయి స్పోకుల్లో ఇరుక్కుని విరిగింది. ఇవన్నీ ఆయన కోపం లేకుండానే చెప్పాడు. తర్వాత అడిగాడు.

"గేరు దిక్కు కిందికి వచ్చేటట్టు కార్ల పండవెట్టింది ఎవరు?"

"నేనే సార్," అంది శైలజ.

కురుమయ్య అక్కడే ఉన్నాడు. కుడి దిక్కు అన్న మాట విన్నాడు. పడుకోబెట్టింది తనేనని మాత్రం చెప్పలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. ఒక్క మాట అంటే ఈయన సొమ్మేం పోయింది, పిల్ల నెత్తిన ఎందుకు వెయ్యాలి అనుకున్నాను. తిరుగు ప్రయాణంలో వెనక ఖాళీ గొంగడి పక్కన ఆయన అలాగే ముడుచుకుని కూర్చున్నాడు. ఆ వంగిన వీపు చూశాక నా కోపం కాస్తా జాలిగా మారింది.

సైకిల్ బాగు చెయ్యడానికి ప్రేమ్‌సాగర్ దగ్గరే ఉండిపోయింది. శైలజ పరీక్షలు అంది, తర్వాత నర్సింగ్ అంది. వెళ్లి తెచ్చుకొమ్మని నేను బతిమాలాను, తిట్టాను కూడా. వింటే కదా. చివరికి కురుమయ్యే ఒకరోజు మందను ఎవరికో అప్పజెప్పి, గొంగడి భుజాన వేసుకుని, బస్సెక్కి మహబూబ్‌నగర్ పోయాడు. అప్పటికి సైకిల్ బాగై, తిరుమలగిరి నుంచి వచ్చిన ఇంకో ఆడపిల్ల కింద ఉంది. ఆ పిల్ల తొక్కడం కాసేపు చూసి వచ్చేశాడు.

ఆ తర్వాత ఆయన మారిన తీరు చూసి ఊరు నవ్వింది. ఒకరు చెప్తే వినని మనిషి, ఇప్పుడు కనబడ్డవాళ్లనల్లా అడిగేవాడు. నాగేందర్ కారులో ఎవరిదో కుట్టుమిషను ఎక్కిస్తుంటే వెళ్లి, దీన్ని ఏ దిక్కు కిందికి పెట్టొద్దు అని అడిగాడు. ఫ్రిజ్ వస్తే అడిగాడు. గొర్రెను ఎక్కించేటప్పుడు కూడా పక్కన ఉన్నవాళ్ల మొహంలోకి చూసి, గిట్లనేనా అనేవాడు. నవ్వినవాళ్ల మీద నేను కస్సుమన్నాను. వాళ్లకేం తెలుసు.

శైలజ ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో ఒక దవాఖానలో నర్సు. స్కూటీ మీద డ్యూటీకి పోతుంది. మంచి పేరుంది, కష్టపడుతుంది. కానీ ఎత్తురోడ్డు మీద సీటు మీంచి లేచి తొక్కిన పిల్లను చూసినవాళ్లకు ఆ స్కూటీ వంక చూడబుద్ధి కాదు. నాకైతే కాదు.

పోయిన ఎండాకాలం ఆమె సెలవు మీద వచ్చిందని చూడ్డానికి వెళ్లాను. సాయంత్రం వాకిట్లో నలుగురం కూర్చున్నాం. ఉన్నట్టుండి కురుమయ్య తల వంచుకునే మొదలుపెట్టాడు.

"ఆ దినం సారు అడిగినప్పుడు, నేనే పండవెట్టిన అని చెప్పాల్సుండె బిడ్డా. నోరు రాలె. నీ మీద ఏసుకుంటివి."

శైలజ మెల్లగా చెప్పింది.

"సారు చెప్తె తెల్సింది కాదు నాయినా నాకు. ఇంటికాడ గొంగడి ఎత్తినప్పుడే సూసిన. గేరు కిందికుందని తెల్సు."

రామమ్మ చేతిలోని చేట ఆగిపోయింది. నాకు ఆనాటి ఆ వంగిన పిల్ల, వెనక నిలబడ్డ తండ్రి కళ్లముందు మెదిలారు. ఈయన కోపానికి భయపడి ఉంటుంది అనుకుని, నాలుగు మాటలు అనడానికి నోరు తెరవబోయాను. అంతలో కురుమయ్యే అడిగాడు.

"మరి అప్పుడే చెప్పకపోతివి?"

"రెండేండ్లు దాని దిక్కు సూడని మనిషివి. ఆ దినం సూడిగొర్రె లెక్క పండవెడ్తివి. తప్పు దిక్కుకు వెట్టినవని ఎట్ల చెప్పాలె? చెప్తె మల్ల దాన్ని ముట్టవేమో అనుకున్న. ఆడికి పోయి సరిజేసుకుందమనుకున్న. అయితదనుకున్న."

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. అది ఉన్నా బాగుండేది, ఆయన కొంచెం తేలికపడేవాడు. కురుమయ్య తల ఎత్తి కూతురి వైపు చూసి అన్నాడు.

"రెండేండ్లు మన ఇంట్లనే ఉండె గదా బిడ్డా అది. ఒక్కదినమన్న చెయ్యేసి సూసినుంటె, దానికి యాడ నొస్తదో నాకు తెల్సేది."